నమాజ్ వక్తు చెప్పడానికి మా ఇంటి పతా ఎందుకు?



రంజాన్ దగ్గర పడుతోందంటే చాలు, "భాయ్, మంచి నమాజ్ యాప్ ఒకటి చెప్పు" అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువైపోతారు. అజాన్ ఎవరి గొంతులో వినిపిస్తుంది, సహరీ అలారం ఎంత గట్టిగా మోగుతుంది, ఖిబ్లా సూది సరిగ్గా తిరుగుతుందా లేదా, అన్నీ అడుగుతారు. అది ముఫ్త్‌గా ఎందుకు దొరుకుతోందని మాత్రం అడగరు. బజారులో ఎవడైనా కిలో ఖర్జూరం ఊరికే ఇస్తానంటే అటూ ఇటూ తిప్పి చూస్తాం, పురుగు పట్టిందేమోనని ఒకటి విప్పి మరీ చూస్తాం. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ఆ హోషియారీ ఎక్కడికి పోతుందో తెలీదు. దీన్ పేరుతో వచ్చింది కదా, మంచిదే అయి ఉంటుందని బిస్మిల్లా అని ఇన్‌స్టాల్ చేసేస్తాం. లొకేషన్ ఇవ్వమని అడిగితే చదవకుండా 'అలో' నొక్కేస్తాం.

నేను చెప్పదలుచుకున్నది సాఫ్‌గా చెప్తాను. నమాజ్ వక్తు లెక్క కట్టడానికి ఏ యాప్‌కైనా మీ ఊరి పేరు చాలు. మీ గల్లీ ఏది, మీ ఇల్లు ఎక్కడ, మీరు ఏ మసీదులో ఎంతసేపు కూర్చున్నారు అన్న హిసాబ్ దానికి అక్కర్లేదు. అక్కర్లేనిది అడిగి తీసుకుని ఇంకొకరికి అమ్ముకునే యాప్ అమానత్‌లో ఖయానత్ చేస్తోంది. పైన పచ్చ గుంబద్ బొమ్మ పెట్టుకున్నా, లోపల తిలావత్ వినిపించినా ఖయానత్ ఖయానతే.

గాల్లో మాటలు చెప్తున్నానని అనుకోకండి. ఏం జరిగిందో తారీఖులతో సహా వినండి.

జరిగిందేమిటంటే

2020 నవంబర్‌లో మదర్‌బోర్డ్ అనే అమెరికా టెక్నాలజీ పత్రిక ఒక ఖబర్ బయటపెట్టింది. సింగపూర్‌లో తయారైన ముస్లిం ప్రో అనే యాప్‌ను అప్పటికే ప్రపంచమంతా కలిపి 9 కోట్ల 80 లక్షల సార్లకు పైగా డౌన్‌లోడ్ చేసుకున్నారు. మన దగ్గర కూడా ఆ పేరు తెలియని మొహల్లా ఉండదు. ఆ యాప్ వాడేవాళ్ల లొకేషన్ ఎక్స్-మోడ్ అనే అమెరికా కంపెనీకి వెళ్తోందని ఆ పత్రిక తేల్చింది. ఎక్స్-మోడ్ ఆ సరుకును రక్షణ శాఖ కాంట్రాక్టర్లకు అమ్మేది, వాళ్ల చేతుల మీదుగా అది అమెరికా ఫౌజ్‌కు చేరేది. అమెరికా ఫోన్ల లొకేషన్‌ను ఈ దారిలో ఫౌజ్ ఖాతాదారులకు అమ్ముతున్నామని ఎక్స్-మోడే సెనేటర్ రాన్ వైడెన్ దఫ్తర్‌కు ఒప్పుకుంది. అమెరికా స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ అయితే బేబెల్ స్ట్రీట్ అనే ఇంకో కంపెనీ నుంచి 'లొకేట్ ఎక్స్' అనే లొకేషన్ సాఫ్ట్‌వేర్‌నే కొనుక్కుంది.

ఇన్సాఫ్‌గా అవతలి జవాబు కూడా చెప్పాలి. మేం ఎవరి సమాచారమూ ఫౌజ్‌కు అమ్మలేదు, పేర్లు తీసేసే పంపాం అని ముస్లిం ప్రో చెప్పింది. ఆ వెంటనే ఎక్స్-మోడ్‌తోనూ మిగతా డేటా భాగస్వాములతోనూ తెగతెంపులు చేసుకుంటున్నామని కూడా ప్రకటించింది. నేరుగా ఫౌజ్‌కు అమ్మలేదన్నది నిజమే కావచ్చు. తాళంచెవి దొంగ చేతిలో పెట్టినవాడు "నేను ఇంట్లోకి అడుగు పెట్టలేదు కదా" అంటే ఎంత తసల్లీ కలుగుతుందో, ఆ జవాబుతో నాకూ అంతే కలిగింది.

డిసెంబర్‌లో ఆపిల్, గూగుల్ రెండూ ఎక్స్-మోడ్ కోడ్‌ను యాప్‌లలోంచి తీసేయమని హుకుం జారీ చేశాయి. కిస్సా అక్కడితో ఖతమ్ అనుకున్నారు చాలామంది. మరుసటి నెలలోనే, 2021 జనవరిలో, సలాత్ ఫస్ట్ అనే ఇంకో నమాజ్ యాప్ లొకేషన్‌ను ప్రెడిసియో అనే ఫ్రెంచ్ కంపెనీకి పంపుతోందని తేలింది. ఆండ్రాయిడ్‌లోనే కోటికి పైగా డౌన్‌లోడ్‌లు ఉన్న యాప్ అది. 2022 ఏప్రిల్‌లో అల్ మొఅజ్జిన్ అనే అజాన్ యాప్ వంతు వచ్చింది. పనామాలో రిజిస్టర్ అయిన మెజర్‌మెంట్ సిస్టమ్స్ అనే సంస్థ కోడ్ అందులో ఉందనీ, అది ఫోన్ నంబర్లు, ఈమెయిల్, లొకేషన్‌తో పాటు మనం కాపీ చేసుకున్న ముక్కలను కూడా లాగుతోందనీ పరిశోధకులు పట్టుకున్నారు. బ్యాంకు పాస్‌వర్డ్ కాపీ చేసి పేస్ట్ చేసే అలవాటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆలోచించుకోండి. అజాన్ వినిపించే యాప్‌కు మీ పాస్‌వర్డ్‌తో ఏం పని? గూగుల్ ఆ యాప్‌ను స్టోర్‌లోంచి తీసేసింది.

2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్-మోడ్ మీద చర్య తీసుకుంది. ఆస్పత్రులు, ఇబాదత్‌గాహ్‌ల వంటి నాజూకు జాగాల లొకేషన్ అమ్మకూడదని ఆదేశించింది. అప్పటికి ఆ కంపెనీ ఔట్‌లాజిక్ అని కొత్త పేరు పెట్టుకుని తిరుగుతోంది. అదే ఏడాది డిసెంబర్‌లో గ్రేవీ అనలిటిక్స్ మీద కూడా అలాంటి చర్యే వచ్చింది. మరుసటి నెలలో, 2025 జనవరిలో, ఆ గ్రేవీ కంపెనీ సర్వర్లలోకి హ్యాకర్లు చొరబడి లొకేషన్ రికార్డులను బయట పడేశారు. ఆ రికార్డుల్లో కనిపించిన యాప్‌ల ఫెహ్‌రిస్త్‌లో ఆటల యాప్‌లు, పెళ్లి కాని కుర్రకారు వాడే యాప్‌లు ఉన్నాయి. వాటి పక్కనే నమాజ్ యాప్‌లు కూడా ఉన్నాయి.

ఈ ఐదేళ్లలో పట్టుబడ్డవన్నీ ఎవరో ఒక సహాఫీ, ఎవరో ఒక పరిశోధకుడు కష్టపడి తవ్వితే బయటికొచ్చినవే. తవ్వని చోట ఏముందో అల్లాహ్‌కే తెలుసు.

రెండు రూపాయల సౌదా

ఈ తిజారత్ ఎలా నడుస్తుందో చెప్తే మీకు ఇంకా కోపం వస్తుంది. యాప్ తయారుచేసే మనిషి ఎక్కడో కూర్చుని మంచి నీయత్‌తోనే మొదలుపెట్టి ఉండొచ్చు. లక్షల మంది వాడటం మొదలెట్టాక ఒక కంపెనీ వచ్చి "మా కోడ్ ముక్క నీ యాప్‌లో కలుపుకో, నెలనెలా డబ్బు పంపిస్తాం" అంటుంది. ఆ ముక్కనే ఎస్‌డీకే అంటారు. దాన్ని కలిపాక, యాప్‌కు మనం ఇచ్చిన ఇజాజత్‌లన్నీ ఆ ముక్కకూ దక్కుతాయి. మనం అజాన్ కోసం ఇచ్చిన లొకేషన్‌ను అది తన ఆఫీసుకు పంపుకుంటుంది.

ఇంకో దారి ప్రకటనలది. యాప్ తెరిచిన క్షణంలో ఆ ఖాళీ జాగాలో ఎవరి ప్రకటన రావాలని తెర వెనక వేలంపాట జరుగుతుంది. వేలంలో పాడేవాళ్లందరికీ మీ ఫోన్ వివరాలు, కొన్నిసార్లు లొకేషన్‌తో సహా, వెళ్తాయి. గెలిచేది ఒక్కడు, చూసేది వందలమంది. గ్రేవీ దగ్గర పోగుపడ్డ సరుకులో చాలా భాగం ఈ దారిలో వచ్చినట్టే కనిపించిందని ఆ లీక్‌ను పరిశీలించినవాళ్లు చెప్పారు. అంటే యాప్ తయారుచేసినవాడికి కూడా ఖబర్ లేకుండా సరుకు పోతుంది.

ధర ఎంతో తెలుసా? రోజూ 50,000 మంది అమెరికన్లు వాడే యాప్‌కు నెలకు 1,500 డాలర్లు ఇస్తామని ఎక్స్-మోడ్ అప్పట్లో చెప్పుకునేది. మనిషికి మూడు సెంట్లు. ఆనాటి మారకంలో రెండు రూపాయల చిల్లర. ఫజర్‌కు మీరు ఏ మసీదుకు వెళ్లారో, జుమాకు ఎక్కడ నిలబడ్డారో, తరావీహ్ నుంచి ఎన్నింటికి ఇల్లు చేరారో, నెల మొత్తం కలిపి రెండు రూపాయలు. చాయ్ కూడా రాదు.

ఇప్పుడు ఆ లెక్క మనమే వేద్దాం

"లొకేషన్ లేకపోతే టైమింగ్ తప్పు చూపిస్తుంది భాయ్" అని చాలామంది భయపడతారు. ఈ భయం మీదే దందా అంతా నడుస్తోంది. కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

నమాజ్ వక్తులన్నీ సూర్యుడి మీద ఆధారపడ్డాయి. సూర్యుడు నడినెత్తి దాటితే జుహర్. వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలై, మిట్టమధ్యాహ్నపు నీడ, అదే సాయా-ఎ-అస్లీ, దానికి కలిస్తే హనఫీ మస్లక్‌లో అసర్. షాఫయీ మస్లక్‌లో ఒక్క ఇంత చాలు. సూర్యాస్తమయం మగ్రిబ్. కరాచీ యూనివర్సిటీ ఆఫ్ ఇస్లామిక్ సైన్సెస్ పద్ధతిలో అయితే సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కింద ఉన్నప్పుడు ఉదయం ఫజర్, రాత్రి ఇషా మొదలవుతాయి. మన దేశంలో వాడే యాప్‌లలో ఎక్కువగా ఈ పద్ధతే ఎంచుకుంటారు. ఈ లెక్కకు కావలసినవి తారీఖు, ఊరి అక్షాంశం, రేఖాంశం, అంతే. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

ఇక ఊరి లోపల తేడా ఎంతో చూడండి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మన ప్రాంతంలో తూర్పు పడమరగా ఒక డిగ్రీ అంటే సుమారు 106 కిలోమీటర్లు. చార్మినార్‌కూ కూకట్‌పల్లికీ వక్తులో తేడా 20 సెకన్ల లోపే. చార్మినార్ నుంచి గచ్చిబౌలికి అర నిమిషం. మన తక్వీమ్‌లలో ఇహ్తియాత్ కోసం కలిపే నిమిషాల ముందు ఇది లెక్కలోకే రాదు. ఊరు మారితే మాత్రం తేడా వస్తుంది. హైదరాబాద్‌లో కంటే విజయవాడలో జవాల్ ఎనిమిది తొమ్మిది నిమిషాలు ముందు, విశాఖపట్నంలో 19 నిమిషాలు ముందు. అందుకే సఫర్‌లో ఊరి పేరు మార్చుకుంటే సరిపోతుంది. మీరు ఏ గల్లీలో ఏ మేడ మీద ఉన్నారో సూర్యుడికి ఫరక్ పడదు. ఫరక్ పడేది ఆ సమాచారం కొనేవాడికి.

ఖిబ్లా సంగతీ అంతే. ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా, శ్రీకాకుళం నుంచి కర్నూలు దాకా, మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడ నిలబడ్డా ఖిబ్లా ఉత్తరం నుంచి లెక్కిస్తే సుమారు 280 నుంచి 288 డిగ్రీల మధ్యే ఉంటుంది. హైదరాబాద్‌లో 283. అంటే సరిగ్గా పడమర నుంచి కొద్దిగా ఉత్తరానికి. ఫోన్‌లో మామూలుగా వచ్చే దిక్సూచి తెరిచి 283 దగ్గర నిలబడండి, పని అయిపోతుంది. ఆ దిక్సూచి అయస్కాంత సెన్సర్‌తో నడుస్తుంది, దానికి నెట్ అవసరం లేదు. ఇనుప బీరువా, కిటికీ గ్రిల్ పక్కన మాత్రం పెట్టకండి, సూది తప్పుతుంది.

ఈ ఇల్మ్ మనకు కొత్తదేం కాదు. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో ఇబ్న్ అల్-షాతిర్ ముఅఖ్ఖిత్‌గా ఉండేవారు. ముఅఖ్ఖిత్ అంటే వక్తులు లెక్కగట్టే జిమ్మేదార్. 1371లో ఆయన ఆ మసీదు మినార్ కోసం పెద్ద నీడగడియారం తయారుచేశారు. కంప్యూటర్లు నడిచే అల్గారిథమ్ అన్న మాట అల్-ఖ్వారిజ్మీ పేరు నుంచే పుట్టింది. అలాంటి విరాసత్ ఉన్న ఉమ్మత్, అసర్ టైమ్ తెలుసుకోవడానికి తన ఇంటి పతా అంగట్లో పెడుతోందంటే నాకు శరమ్ వేస్తుంది.

"మనకు దాచేదేముంది?"

ఈ మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. "మనం షరీఫ్ మనుషులం, నమాజ్‌కు పోతాం, ఇంటికి వస్తాం. ఎవరైనా చూసుకోనీ." చెప్పేవాళ్ల శరాఫత్ మీద నాకు షక్ లేదు. వాళ్ల జవాబు మీదే నా ఏతరాజ్.

శరాఫత్ ఉన్నంత మాత్రాన ఇంటికి పర్దా తీసేయం కదా. తజస్సుస్, అంటే ఒకరి గుట్టు కూపీ లాగడం, సూరా హుజురాత్‌లో మనా చేయబడింది. ఇజాజత్ తీసుకోకుండా, సలాం చెప్పకుండా పరాయి ఇంట్లో అడుగు పెట్టకూడదన్న అదబ్ సూరా నూర్ నేర్పింది. ఐబ్ ఉన్న ఇళ్లకే ఈ ఖానూన్ అని ఎక్కడా లేదు. ప్రతి ఇంటికీ ఒక హుర్మత్ ఉంది. ఆ హుర్మత్ ఫోన్‌కూ ఉంది, ఎందుకంటే ఈ రోజు మన ఇల్లంతా ఫోన్‌లోనే ఉంది.

పేర్లు తీసేశాం అన్న జవాబు చూడండి. 2013లో 15 లక్షల మంది ఫోన్ రికార్డులను 15 నెలల పాటు పరిశీలించిన ఒక అధ్యయనం వచ్చింది. ఒక మనిషి ఏ వేళకు ఎక్కడున్నాడో నాలుగు బిందువులు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని ఆ గుంపులోంచి వేరు చేసి చూపించొచ్చని అందులో తేలింది. నాలుగు! మనం రోజుకు ఐదుసార్లు లేస్తాం. రాత్రి ఫోన్ పడుకునే చోటు ఇల్లు, పగలు ఉండే చోటు దుకాణమో దఫ్తరో, మధ్యలో మసీదు. ఇంక పేరుతో పనేముంది?

పైగా ఈ యాప్ ఫోన్‌లో ఉండటమే ఒక గవాహీ. ఈ ఫోన్ మనిషి ముసల్మాన్ అని అది చెప్పేస్తుంది. మజ్‌హబ్‌ను బట్టి ఫెహ్‌రిస్త్ తయారుచేయాలని ఎవరికైనా బుద్ధి పుడితే, మేహనత్ లేకుండా తయారైన ఫెహ్‌రిస్త్ ఇదే. ఇది వట్టి వహం అనేవాళ్లకు న్యూయార్క్ గుర్తు చేస్తాను. 2001 తర్వాత ఆ నగర పోలీసులు మసీదులు, ముస్లిం దుకాణాలు, చాయ్ హోటళ్ల మీద నిఘా పెట్టి పటాలు గీసుకున్నారు. 2011లో అసోసియేటెడ్ ప్రెస్ దాన్ని బయటపెట్టింది. ఆ పని చేసిన విభాగం ఆరేళ్లకు పైగా నిఘాలో ఒక్క ఆచూకీ కూడా తేలేదని పోలీసు అధికారే ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలం 2012లో బయటికొచ్చింది. 2014లో దాన్ని ఎత్తేశారు. అప్పుడు మనుషులను పంపి మసీదుల్లో కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మన జేబులోనే కూర్చుంది, దానికి బ్యాటరీ ఛార్జింగ్ కూడా మనమే పెడుతున్నాం.

ఖానూన్ కాపాడుతుందిలే అనుకుంటున్నారా? ఫోన్ టవర్ల లొకేషన్ చరిత్ర కావాలంటే పోలీసులకు వారంట్ ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 2018లో కార్పెంటర్ కేసులో చెప్పింది. బజారులో కొనుక్కుంటే వారంట్ అక్కర్లేదన్నది తమ అభిప్రాయమని అక్కడి డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ 2021లో రాతపూర్వకంగా చెప్పుకుంది. కోర్టు దర్వాజా మూస్తే పక్కనే అంగడి తెరిచారన్నమాట. మన దేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీని బునియాదీ హక్ అన్నారు. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. పర్మిషన్ లేకుండా కంపెనీలు డేటా వాడకూడదని అందులో ఉంది, మంచిదే. అదే చట్టంలోని 17వ సెక్షన్ ప్రభుత్వం తనకు నచ్చిన ఏజెన్సీలను మినహాయించుకునే దారి కూడా పెట్టింది. కాబట్టి ఖానూన్ మీద భరోసా పెట్టుకోండి, ఫోన్ సెట్టింగ్స్ మాత్రం మీరే చూసుకోండి. ఊంటును కట్టేసి తవక్కుల్ చేయమన్న నసీహత్ మనందరికీ తెలిసిందే.

"గూగుల్‌కు ఎలాగూ అన్నీ తెలుసు" అని తెలివైన కుర్రాళ్లు వాదిస్తారు. నిజమే, చాలా తెలుసు. కిటికీ అద్దం పగిలిందని దర్వాజా కూడా పీకి పక్కన పెడతామా? ఒక పెద్ద కంపెనీ దగ్గర సమాచారం ఉండటం ఒక మసలా. ఎవడు డబ్బిస్తే వాడికి అమ్మే దలాల్ చేతికి పోవడం దానికంటే పెద్ద మసలా. ఆ దలాల్ సర్వర్‌ను హ్యాకర్ దోచుకుంటే ఇక ఎవరిని పట్టుకుంటారు?

ఫోన్ చేతిలోకి తీసుకోండి

వాట్సాప్‌లో "ఫలానా యాప్ హరామ్, వెంటనే డిలీట్ చేయండి, పది మందికి పంపండి" అని తిరిగే ఫార్వర్డ్‌లతో నాకు పని లేదు. ఫత్వా ఇవ్వడం ముఫ్తీ సాబ్‌ల పని. నాకు తెలిసింది సెట్టింగ్స్. అవి చెప్తాను.

మొదట, మీ నమాజ్ యాప్‌కు లొకేషన్ పర్మిషన్ పూర్తిగా తీసేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ యాప్, అందులో పర్మిషన్స్, లొకేషన్, 'డోంట్ అలో'. తర్వాత యాప్ తెరిచి ఊరి పేరు చేత్తో ఎంచుకోండి. లెక్క పద్ధతి కరాచీ, అసర్‌కు మీ మస్లక్ పెట్టుకోండి. ఊరి పేరు పెట్టే అవకాశమే ఇవ్వని యాప్ అయితే దానికి ఖుదా హాఫిజ్ చెప్పండి.

ఇప్పుడు ఇమ్తిహాన్ పెట్టండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక రోజు వక్తులు చూపిస్తుందా, అజాన్ మోగుతుందా చూడండి. మోగితే, దానికి ఇంటర్నెట్‌తో పని లేదని మీరే సాబిత్ చేసినట్టు.

మూడోది, ప్రకటనల గుర్తింపు సంఖ్య. మన ఫోన్‌ను యాప్ యాప్‌కూ గుర్తుపట్టి కలిపేది ఇదే. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో ప్రైవసీలో గానీ గూగుల్ సెట్టింగ్స్‌లో గానీ 'యాడ్స్' అని ఉంటుంది. అందులో 'డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ' నొక్కండి. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో ట్రాకింగ్, అక్కడ 'అలో యాప్స్ టు రిక్వెస్ట్ టు ట్రాక్' ఆపేయండి.

నాలుగోది, నిజంగా లొకేషన్ కావాల్సిన యాప్‌లు కూడా ఉంటాయి. వాటికి 'వాడుతున్నప్పుడు మాత్రమే' అన్నది ఎంచుకోండి. ఆటో పిలిచే యాప్‌కు ఖచ్చితమైన చోటు అవసరమే, వాతావరణం చెప్పే యాప్‌కు అవసరం లేదు. అలాంటిచోట ఆండ్రాయిడ్‌లో 'అప్రాక్సిమేట్' పెట్టుకోవచ్చు, ఐఫోన్‌లో 'ప్రిసైజ్ లొకేషన్' ఆపేయొచ్చు.

ప్లే స్టోర్‌లో 'డేటా సేఫ్టీ' అని ఒక భాగం ఉంటుంది, అదీ చదవండి. అది యాప్ వాళ్లు తమ గురించి తామే ఇచ్చుకున్న గవాహీ అని గుర్తుపెట్టుకోండి. అక్కడే 'లొకేషన్ ఇతరులతో పంచుకుంటాం' అని రాసి ఉంటే ఇంక విచారణ అక్కర్లేదు.

ఇవన్నీ మీ ఫోన్‌కే చేసి ఊరుకోకండి. అమ్మీజాన్ ఫోన్, దాదీ ఫోన్ కూడా ఒకసారి తీసుకోండి. ఇంట్లో ఎక్కువ యాప్‌లు వాళ్ల ఫోన్లలోనే ఉంటాయి, ఎవరు ఏ తస్బీహ్ యాప్ పంపినా కాదనకుండా పెట్టుకునేది వాళ్లే.

వాళ్లెలా బతకాలి?

"ముఫ్త్‌గా ఇస్తున్నారు, ప్రకటనలు, డేటా లేకపోతే వాళ్లెలా బతకాలి?" ఇది జాయజ్ ప్రశ్న. నా జవాబు: మనం డబ్బులిచ్చి బతికించాలి.

ఈ ఉమ్మత్‌కు వక్ఫ్ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. బావి తవ్వించారు, సరాయి కట్టించారు, మదర్సా నడిపారు. దాహం వేసి బావి దగ్గరికి వచ్చినవాడి పేరు, పతా రాసుకుని ఎవరికీ అమ్మలేదు. సాఫ్ట్‌వేర్‌ను అలా నడపొచ్చని చూపించినవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ఖురాన్ ఫర్ ఆండ్రాయిడ్ అనే యాప్ ఏళ్ల తరబడి ప్రకటనలు లేకుండా నడుస్తోంది, దాని కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. వక్తులు లెక్కగట్టే ప్రేటైమ్స్, అధాన్ అనే కోడ్‌లు కూడా అందరికీ తెరిచే ఉన్నాయి. ఎఫ్-డ్రాయిడ్ అనే స్టోర్ ఉంది, అందులో కోడ్ బహిరంగంగా ఉన్న యాప్‌లే పెడతారు. అక్కడ వెతికితే లొకేషన్ అడగకుండా పనిచేసే నమాజ్ యాప్‌లు దొరుకుతాయి.

మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, అమెరికాలో, ఖలీజ్‌లో పనిచేసే మన ఇంజనీర్ కుర్రాళ్లు తక్కువమంది ఏం కాదు. జుమా రోజు పార్కింగ్ చూస్తే తెలుస్తుంది. వాళ్లలో నలుగురు కూర్చుంటే, మన రెండు రాష్ట్రాల ఊళ్ల పేర్లన్నీ తెలుగులో, ఉర్దూలో ఉన్న, నెట్ అడగని, లొకేషన్ అడగని ఒక చిన్న యాప్ తయారుచేయడం పెద్ద పనేం కాదు. లెక్క కోడ్ తయారుగా ఉంది, కావాల్సింది ఊళ్ల జాబితా, కాస్త మేహనత్. సద్‌ఖా-ఎ-జారియా కోసం వెతుకుతున్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

మసీదు కమిటీల సదర్ సాబ్‌లకు, ఇమాం సాబ్‌లకు కూడా నా గుజారిష్ ఉంది. మింబర్ మీద నుంచి గానీ, రంజాన్ తక్వీమ్ వెనక గానీ ఏదైనా యాప్ పేరు చెప్పేముందు మూడు సంగతులు కనుక్కోండి. లొకేషన్ ఇవ్వకుండా అది పనిచేస్తుందా? నెట్ లేకుండా పనిచేస్తుందా? దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? మూడో దానికి జవాబు దొరక్కపోతే ఆ పేరు చెప్పకండి. మీరు చెప్తే జమాత్ అంతా కళ్లు మూసుకుని ఇన్‌స్టాల్ చేస్తుంది, ఆ జిమ్మేదారీ మీ మీద పడుతుంది. తక్వీమ్ కాగితం మాత్రం అచ్చు వేయించడం ఆపకండి. గోడకు వేలాడే ఆ కాగితం ఇంతవరకూ ఎవరి జాసూసీ చేయలేదు.

యాప్ కంపెనీలకు చెప్పేది ఒక్కటే ఉంది. మా దగ్గర డబ్బులు అడగండి, ఇస్తాం. నెలకు రెండు రూపాయలే కదా మా ధర, దానికి పదింతలు ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. మసీదుకు పోయే మా దారిని మాత్రం అమ్మకండి.

ఈ జుమా లోపల ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ముందు పెట్టుకుని, ఒక్కొక్క దాని లొకేషన్ పర్మిషన్లు చూడండి. పదిహేను నిమిషాల పని. ఏ యాప్ ఊరి పేరుతో సరిపెట్టుకుంది, ఏది మొండికేసిందో రాసి పంపండి, ఇన్షా అల్లాహ్ ఆ జాబితా రంజాన్ లోపల అందరి ముందూ పెడదాం.

వస్సలామ్.